కుండీలో కోరల్ బెల్స్ కాండం పైకి లేచిపోయింది: పెద్ద కుండీలోకి మార్చాలా, లోతుగా నాటాలా?

నీలికుండీ
అందరికీ నమస్తే. ముదురు ఊదా ఆకుల కోరల్ బెల్స్ ఒకటి నా దగ్గర చాలాకాలంగా ఒకే కుండీలో ఉంది. కుండీ వెడల్పు 15 సెంటీమీటర్లు. మొదట్లో ఆకులు మట్టిని కప్పేస్తూ గుబురుగా ఉండేవి. ఇప్పుడు మధ్యలోంచి గోధుమరంగు బోసి కాండం పైకి వచ్చేసింది, ఆకులన్నీ దాని కొసన మాత్రమే ఉన్నాయి. గాలి వీస్తే మొక్క మొత్తం ఊగుతోంది. నీళ్లు పోస్తే పోసినట్టే కింది రంధ్రంలోంచి కారిపోతున్నాయి, అయినా సాయంత్రానికి ఆకులు వాలిపోతున్నాయి. రంధ్రంలోంచి వేళ్లు కూడా బయటికొచ్చాయి.

మార్చాల్సిందేనని అర్థమైంది. 30 సెంటీమీటర్ల కుండీ ఒకటి ఖాళీగా ఉంది. అందులో పెట్టేస్తే మాటిమాటికీ మార్చే పని తప్పుతుంది కదా? ఆ బోసి కాండాన్ని ఎంతవరకు మట్టిలో కప్పాలి? నాకు చాలా ఇష్టమైన మొక్క ఇది, కుళ్లిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

మట్టివాసన
పెద్ద కుండీ అయితే మంచిదే అండీ, వేళ్లకు చోటు దొరుకుతుంది. అడుగున రెండు అంగుళాల మందం గులకరాళ్లు వేయండి, నీళ్లు నిలవవు. కాండం మొత్తం కప్పేయండి.

వేరుమూలం
మట్టివాసన గారూ, మూడింటిలోనూ నాది వేరే అభిప్రాయం. ఒక్కొక్కటే చెబుతాను.

ముందు కుండీ సైజు. కోరల్ బెల్స్ వేళ్లు సన్నగా, పీచులా ఉంటాయి, ఎక్కువ లోతుకు పోవు. 15 సెంటీమీటర్ల మట్టిగడ్డను తీసి 30 సెంటీమీటర్ల కుండీలో పెడితే, వేళ్లు లేని మట్టి చుట్టూ చాలా మిగిలిపోతుంది. ఆ మట్టిలోని నీళ్లను పీల్చేవాళ్లు లేరు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం రోజుల తరబడి తడిగానే ఉంటుంది. తడి మట్టిలో గాలి ఉండదు, గాలి లేకపోతే వేరు ఊపిరాడక చస్తుంది, చచ్చిన వేరు మీద బూజు తెగుళ్లు చేరతాయి. ఈ మొక్కలు కుండీల్లో పోవడానికి ఎండకంటే, చీడలకంటే ఇదే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం. పాత కుండీకంటే 3 నుంచి 5 సెంటీమీటర్లు వెడల్పున్నది చాలు. మీకు 18 లేదా 20 సెంటీమీటర్లది సరిపోతుంది. మాటిమాటికీ మార్చడం అనుకుంటున్నారు గానీ, మూడు నాలుగేళ్లకోసారి ఈ మొక్కను ఎలాగూ బయటికి తీసి విడదీయాలి. లేకపోతే ఏ కుండీలో ఉన్నా కాండం మళ్లీ ఇలాగే పైకి లేస్తుంది.

మీ మొక్క అలా లేవడం జబ్బు కాదు. ఏటా కొసన కొత్త ఆకులు వస్తాయి, కింది పాత ఆకులు రాలిపోతాయి, ఆ భాగం కర్రలా గట్టిపడుతుంది. పెరిగే కొద్దీ మొదలు మట్టికి దూరమవుతుంది. ఇంకో సంగతి, చలికాలంలో మట్టి గడ్డకట్టి కరిగే చోట్ల ఆ గడ్డకట్టడమే మొక్కను కొంచెం కొంచెంగా పైకి నెట్టేస్తుంది.

మట్టివాసన
సైజు సంగతి ఒప్పుకుంటాను. కానీ గులకరాళ్లు వేస్తే తప్పేమిటి? నీళ్లు కిందికి దిగడానికే కదా అవి.

వేరుమూలం
దిగవండీ, చిక్కంతా అక్కడే. సన్నటి మట్టిలోని నీటిని మట్టి రేణువుల మధ్య ఉన్న ఇరుకు సందులు పట్టి ఉంచుతాయి. కింద పెద్ద సందులున్న రాళ్ల పొర తగిలితే నీళ్లు అందులోకి వెంటనే జారవు. పై మట్టి పూర్తిగా నానిపోయిన తర్వాతే కారడం మొదలవుతుంది. ఏ కుండీలోనైనా అడుగున కొంత మేర మట్టి నీటితో నిండే ఉంటుంది. రాళ్లు వేస్తే ఆ తడి పొర రాళ్ల ఎత్తుకు పైకి జరుగుతుంది, అంటే వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. నీళ్లలో ముంచిన స్పాంజిని గులకరాళ్ల మీద పెట్టి చూడండి, అందులోని నీళ్లు అందులోనే ఉంటాయి.

డ్రైనేజీ కావాలంటే మట్టినే మార్చాలి, అడుగున ఏం వేసినా లాభం లేదు.

మట్టివాసన
రంధ్రం మూసుకుపోకుండా ఉండటానికి కూడా వేస్తాను మరి.

వేరుమూలం
దానికి చిన్న జాలీ ముక్క ఒకటి చాలు. మట్టి జారదు, నీళ్లు ఆగవు. కుండీ కింద చిన్న దిమ్మలు పెట్టి నేలకు కొంచెం ఎత్తుగా ఉంచితే రంధ్రం ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. కింద పళ్లెం పెడితే మాత్రం అందులో నిలిచిన నీళ్లు పారబోయాలి.

రాతిసందు
ఈ మొక్క అడవిలో ఎక్కడ పెరుగుతుందో చూస్తే వేరుమూలం గారు చెప్పింది ఇంకా బాగా అర్థమవుతుంది. కోరల్ బెల్స్ శాస్త్రీయ నామం హ్యూకెరా, ఈ ప్రజాతి అంతా ఉత్తర అమెరికాదే. ఎర్రపూల హ్యూకెరా సాంగ్వీనియా అరిజోనా, న్యూ మెక్సికో, ఉత్తర మెక్సికో కొండల్లో నీడగా ఉండే రాతి సందుల్లో పెరుగుతుంది. హ్యూకెరా అమెరికానా తూర్పు వైపు అడవుల్లో, రాళ్లు నిండిన వాలుల మీద. హ్యూకెరా విల్లోసా ఆగ్నేయ ప్రాంతపు కొండ చరియల్లో. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: కొంచెం ఆకు ఎరువు, దాని కింద రాయి, వచ్చిన నీరు వచ్చినట్టే జారిపోయే చోటు. తేమ కావాలి, నిలవ నీరు పనికిరాదు. కుండీలో మనం ఏం చేసినా ఈ రెండూ కుదిరేలా చూసుకోవాలి.

రంగురంగుల ఆకుల రకాలు చాలావరకు ఇలాంటి జాతుల్ని కలిపి పుట్టించిన సంకరాలే. 1991లో అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షిక మొక్కగా ‘ప్యాలెస్ పర్పుల్’ ఎంపికైంది. పూల కోసం కాక ఆకుల కోసం ఈ మొక్కను పెంచడం అప్పటినుంచి బాగా పెరిగింది.

తోటపని
అసలు ప్రశ్న లోతు గురించి కదా. నేను ఎప్పుడూ ఆకుల మొదలు వరకు, ఇంకాస్త పైకి కూడా మట్టి వేసేస్తాను. టమాటా మొక్కను లోతుగా నాటినట్టే, కాండం నుంచి కొత్త వేళ్లు వస్తాయి. ఇబ్బంది ఏమీ రాలేదు.

ఆకునీడ
కొత్త వేళ్లు వస్తాయన్న మాట నిజమే తోటపని గారూ. కానీ టమాటాతో పోలిక ఇక్కడ సగం వరకే పనికొస్తుంది. టమాటా చిగురు కాండం కొసన ఎత్తున ఉంటుంది. కోరల్ బెల్స్‌లో చిగుర్లన్నీ ఆకు కాడలు పుట్టే చోటే, ఒకే గుత్తిగా ఉంటాయి. ఆ గుత్తినే క్రౌన్ అంటారు. మట్టి దాని మీదికి వచ్చిందంటే నీళ్లు పోసినప్పుడల్లా తడి అక్కడ చేరుతుంది, చిగుర్లు నల్లబడి మెత్తబడతాయి. మీ మట్టి బాగా గుల్లగా ఉండి, మీది పొడి వాతావరణమైతే బతకొచ్చు. తేమ ఎక్కువున్న చోట అదే పని చేస్తే కష్టం.

నేను చెప్పే కొలత ఇది. గట్టిపడిన గోధుమరంగు కాండం అంతా మట్టి లోపలికి. ఆకు కాడలు పుట్టే చోటు సరిగ్గా మట్టి మట్టానికి, లేదా ఒక అర సెంటీమీటరు పైన. నాటాక నీళ్లు పోస్తే మట్టి కుంగుతుంది కాబట్టి, అది కుంగిన తర్వాత మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

నీలికుండీ గారికి ఒక ప్రశ్న. ఆ బోసి కాండం పొడవు ఎంత? కొత్త కుండీ లోతులో అది ఇమడకపోతే, మట్టిగడ్డ అడుగు భాగాన్ని కొంచెం కోసి మొక్కను కిందికి దించాలి. కుండీ లోతుకు తగ్గట్టు మొక్కను సర్దుకోవాలి తప్ప, కాండం పొడవుగా ఉందని లోతైన కుండీ వెతకొద్దు.

నీలికుండీ
ఆకునీడ అక్కా, వేరుమూలం గారూ, ఎంత వివరంగా చెప్పారు! కాండం 6, 7 సెంటీమీటర్లు ఉంటుంది. అడుగు భాగం కోయడమంటే భయంగా ఉంది, వేళ్లు తెగితే మొక్క పోదా?

ఆకునీడ
పోదు. పీచువేళ్ల మొక్కలు ఈ కోతను బాగానే తట్టుకుంటాయి, అందులోనూ కొత్త ఆకులు రావడం మొదలయ్యే వసంతకాలంలో. అడుగున మూడో వంతు వరకు తీసేయొచ్చు. వేళ్లు తగ్గించినప్పుడు పైన భారం కూడా తగ్గించాలి. పాత ఆకులు, చిరిగినవి, పూల కాడలు తీసేయండి. పూలు ఉంచుకోవాలనిపిస్తుంది గానీ, మార్చిన కొత్తలో మొక్క బలమంతా వేళ్లకు పోవాలి.

పని ఇలా చేయండి. ముందు రోజు బాగా నీళ్లు పోయండి. తడిసిన గడ్డ విరగకుండా వస్తుంది. ప్లాస్టిక్ కుండీ అయితే పక్కలు నొక్కండి, మట్టి కుండీ అయితే లోపలి అంచు వెంట సన్నటి కత్తి తిప్పండి. కాండం పట్టుకుని లాగకండి. కుండీ బోర్లించి, మొక్క మొదలును చేతి వేళ్ల మధ్య ఉంచుకుని అరచేత్తో గడ్డను పట్టుకోండి. బయటికి వచ్చాక చుట్టూ చూడండి. గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్లను చేత్తో విడదీయండి. గట్టిగా అల్లుకుపోయి ఉంటే శుభ్రమైన కత్తితో మూడు నాలుగు చోట్ల నిలువుగా, పైపైన గాట్లు పెట్టండి. గాటు పడిన చోట కొత్త వేళ్లు చీలి బయటి మట్టిలోకి వెళతాయి. అలాగే వదిలేస్తే కొత్త కుండీలో కూడా ఆ పాత గుండ్రంలోనే తిరుగుతూ ఉంటాయి.

ఆరోగ్యంగా ఉన్న వేరు లేత రంగులో, గట్టిగా ఉంటుంది. నల్లగా, మెత్తగా ఉండి, పట్టుకుంటే పై పొర ఊడి వచ్చేవి కుళ్లినవి. వాటిని మంచి భాగం కనిపించేదాకా కత్తిరించేయండి.

వేరుమూలం
ఆకునీడ గారి మాటకు చిన్న చేర్పు. నీళ్లు పోస్తే పోసినట్టే కారిపోతున్నాయని రాశారు కదా. లోపలి గడ్డ ఎండిపోయి ఉంటుందని నా అనుమానం. పీట్ (నాచు మాగి ఏర్పడిన పీచు పదార్థం) కలిసిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పీల్చదు, నీళ్లు గడ్డకూ కుండీకీ మధ్య ఉన్న సందులోంచి జారిపోతాయి. బయటికి తీసే ముందు కుండీని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి ఉంచండి. ఒక అరగంట పట్టొచ్చు. ఎండిన గడ్డను అలాగే కొత్త మట్టిలో పెడితే చుట్టూ తడి, నడుమ ఎడారి. మొక్క వాడుతుంది, మనం ఇంకా నీళ్లు పోస్తాం, బయటి మట్టి పాడవుతుంది.

చిగురు_చూపు
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మార్చడానికి నిన్న నా కోరల్ బెల్స్ పట్టుకోగానే మొక్క చేతిలోకి ఊడొచ్చేసింది! కింద వేళ్లే లేవు. మట్టిలో తెల్లటి పురుగులు, వంకర తిరిగి ఉన్నాయి, తల గోధుమరంగు. ఆకుల అంచులు కూడా ఎవరో కత్తిరించినట్టు గాట్లు గాట్లుగా ఉన్నాయి. ఏమిటిది?

రాతిసందు
అది వైన్ వీవిల్ అనే ముక్కుపురుగు. కుండీల్లోని కోరల్ బెల్స్ అంటే దానికి బాగా ఇష్టం. ఆకుల అంచులు కొరికేది పెద్ద పురుగు, రాత్రిపూట తిరుగుతుంది. ఎగరలేదు గానీ బాగా పాకుతుంది. మట్టిలో ఉన్నవి దాని పిల్ల పురుగులు. కాళ్లు ఉండవు, చూడగానే గుర్తుపట్టొచ్చు. ఆకుల గాట్లతో మొక్క చావదు, వేళ్లు తినేయడం వల్ల చస్తుంది. ఇవన్నీ ఆడ పురుగులే, మగ పురుగు అవసరం లేకుండానే గుడ్లు పెడతాయి. కాబట్టి ఒక్కటి చేరినా చాలు.

మొక్కను పారేయకండి. పాత మట్టి మొత్తం వదిలించి మొదలును శుభ్రంగా కడగండి, కాండం లోపల కూడా పురుగు తొలిచి ఉందేమో చూడండి. గట్టిగా ఉన్న ముక్కను కింద ఆకులు తీసేసి, రెండు మూడు చిన్న ఆకులు మాత్రం ఉంచి, ఇసుక, పెర్లైట్ (తెల్లటి తేలికపాటి గుల్ల రేణువులు) కలిపిన తడి మట్టిలో గుచ్చండి. నీడలో, గాలిలో తేమ ఉండే చోట పెడితే కొన్ని వారాల్లో వేళ్లు పడతాయి. పాత మట్టిని ఇంకో కుండీలో వాడొద్దు. మిగతా కుండీలకు మేలు చేసే నెమటోడ్లు (ఈ పిల్ల పురుగుల్ని చంపే, కంటికి ఆనని నులిపురుగులు) దొరికితే వాడండి. నీళ్లలో కలిపి మట్టిలో పోయాలి. పిల్ల పురుగులు చిన్నగా ఉండే వేసవి చివర, శరత్కాలం మొదట్లో బాగా పనిచేస్తాయి. మట్టి ముందే తడిగా ఉండాలి, తర్వాత కూడా కొన్నాళ్లు ఆరకూడదు.

అందుకే కుండీ మార్చే రోజు గడ్డను విప్పి చూడటం అంత ముఖ్యం. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, లోపల సగం తినేసి ఉంటుంది.

చిగురు_చూపు
గట్టిగా ఉన్న ముక్కలు రెండు దొరికాయి. ఇప్పుడే గుచ్చేస్తున్నాను. ధన్యవాదాలు!

నీలికుండీ
ఇవాళ నాది కూడా బయటికి తీశాను. పురుగుల్లేవు, హమ్మయ్య. కానీ గడ్డ నడుమ సన్నటి బట్టలాంటి తొడుగు ఒకటి ఉంది! వేళ్లు దాన్ని చీల్చుకుని కొన్ని బయటికొచ్చాయి, చాలామటుకు లోపలే చుట్టుకుని ఉన్నాయి. దాన్ని తీయాలా? ఇంకో విషయం, కాండం కొసన మూడు గుత్తులు విడివిడిగా ఉన్నాయి. విడదీయనా, ఒకటిగానే పెట్టనా?

వేరుమూలం
ఆ తొడుగు నర్సరీలో నారు పెంచినప్పటిది. చాలా రకాల కోరల్ బెల్స్‌ను టిష్యూ కల్చర్‌లో, అంటే ప్రయోగశాలలో చిన్న మొక్క ముక్కల నుంచి పెంచి, చిన్న నారు గడ్డలుగా నర్సరీలకు పంపుతారు. ఆ గడ్డ విడిపోకుండా అలా చుడతారు. కొన్ని మట్టిలో కలిసిపోతాయి, కొన్ని కలవవు. నిలువుగా కత్తిరించి, వేళ్లు తెగకుండా వచ్చినంత వరకు తీసేయండి. వేళ్లలో ఇరుక్కున్న ముక్కల కోసం లాగొద్దు. లోపలి పీట్ గడ్డను మాత్రం చేత్తో నలిపి వదులు చేయండి, నీళ్లు అందని చోటు అదే.

విడదీయడం మీ ఇష్టం కాదు, వేళ్ల ఇష్టం. ప్రతి గుత్తికీ కింద సొంత వేళ్లు ఉంటే విడదీయండి, లేకపోతే ఒకటిగానే ఉంచండి. వేళ్లు లేని గుత్తిని చిగురు_చూపు గారికి చెప్పినట్టు కొమ్మలా గుచ్చుకోవచ్చు. మూడిటినీ విడదీస్తే ఒక్కోదానికి 10, 12 సెంటీమీటర్ల కుండీ చాలు, 20ది వద్దు.

తోటపని
మట్టి ఏం కలుపుతారో చెప్పలేదు ఎవరూ.

ఆకునీడ
నేను రెండు భాగాలు మంచి పాటింగ్ మిక్స్, ఒక భాగం పెర్లైట్ లేదా సన్నటి బెరడు ముక్కలు, కాస్త బాగా మాగిన కంపోస్ట్ కలుపుతాను. తోట మట్టి కుండీలో వేయను, గట్టిపడిపోతుంది. కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 6 చుట్టుపక్కల ఉంటే ఈ మొక్కకు నచ్చుతుంది. చేతిలో పిడికిలి పట్టి వదిలితే ముద్దగా ఉండి, వేలితో తాకగానే విడిపోవాలి. అంచుకు రెండు సెంటీమీటర్లు తక్కువగా నింపితే నీళ్లు పోయడానికి చోటుంటుంది. గట్టిగా అదమకండి. నీళ్లే సర్దుతాయి.

ఎండపొద్దు
మాది బాగా వేడి, ఉక్క ఉన్న చోటు. రెండు సార్లు తెచ్చుకున్నా వేసవి దాటలేదు. కుండీ మార్చడంలో లోపమా, మొక్కకే వేడి పడదా?

రాతిసందు
రెండూ కావచ్చు. కానీ ముందు రకం చూసుకోండి. విల్లోసా రక్తం ఉన్న సంకరాలు వేడినీ ఉక్కనూ మిగతావాటికంటే బాగా తట్టుకుంటాయి. ‘కారమెల్’, ‘సిట్రొనెల్’ అలాంటివి. వాటి ఆకులు పెద్దగా, కొంచెం నూగుతో ఉంటాయి. నిమ్మ పసుపు ఆకులవి ఎండకు త్వరగా మాడతాయి, ముదురు ఊదావి కాస్త ఓర్చుకుంటాయి. ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ. వేడి చోట నడి వేసవిలో కుండీ మార్చొద్దు. అప్పుడు మొక్క ప్రాణం నిలబెట్టుకునే పనిలో ఉంటుంది, కొత్త వేళ్లు వేయదు. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో వేళ్లను ఉడికిస్తుంది కాబట్టి లేత రంగుది తీసుకోండి.

చలిగాలి
మాది పూర్తిగా వ్యతిరేకం, మంచు పడుతుంది. శరత్కాలంలో మార్చొచ్చా?

వేరుమూలం
మంచు మొదలవడానికి ఆరు వారాల ముందైతే మార్చొచ్చు. ఆలస్యమైతే వసంతం దాకా ఆగండి. వేళ్లు పట్టు దొరకని మొక్కను గడ్డకట్టే మట్టి పైకి తోసేస్తుంది. నేలలో ఉన్న మొక్కకంటే కుండీలోని వేళ్లకు చలి చాలా ఎక్కువ తగులుతుంది, కుండీని గోడ పక్కకు జరిపి చుట్టూ ఏదైనా కప్పండి. పాత ఆకులు చలికాలమంతా ఉంచండి, అవి మొదలుకు రక్షణ. వసంతంలో తీసేయొచ్చు.

చలిగాలి
ఆకుల పైన పసుపు చుక్కలు, కింద నారింజ పొడి కూడా కనిపిస్తోంది. దానితోనే మార్చేయనా?

రాతిసందు
అది తుప్పు తెగులు, పక్సీనియా హ్యూకెరే అనే శిలీంధ్రం. ముందు ఆ ఆకులన్నీ తీసి పారేయండి, కంపోస్ట్‌లో వేయకండి. మిగతా కోరల్ బెల్స్‌కు దూరంగా పెట్టండి. ఆకుల మీద నీళ్లు పడకుండా మట్టిలోనే పోయండి. కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాక మార్చుకోండి.

నీలికుండీ
మార్చేశాను! రెండు గుత్తులకే సొంత వేళ్లున్నాయి, వాటిని విడివిడిగా చిన్న కుండీల్లో పెట్టాను, మూడోదాన్ని గుచ్చాను. గోధుమరంగు కాండం అంతా లోపలికి పోయింది, కాడలు పుట్టే చోటు మట్టం మీదే ఉంది. మట్టి కుంగితే ఆకునీడ అక్క చెప్పినట్టు మళ్లీ సర్దాను. నీడలో ఉంచాను. రెండిట్లోనూ నడిమధ్యన చిన్న చిన్న ముడుచుకున్న ఆకులు కనిపిస్తున్నాయి, చాలా సంతోషంగా ఉంది. ఇప్పుడు ఎరువు వేయనా?

ఆకునీడ
ఆ ముడుచుకున్న ఆకులే మంచి గుర్తు అమ్మా. ఎరువు ఇప్పుడే వద్దు. తెగిన వేళ్లకు ఎరువులోని ఉప్పు తగిలితే మాడతాయి, ఈ మొక్కకు మామూలు రోజుల్లో కూడా ఎక్కువ ఎరువు పడదు. నాలుగైదు వారాలు ఆగి, డబ్బా మీద రాసినదానిలో సగం బలంతో ఒకసారి ఇవ్వండి. అప్పటిదాకా పై మట్టిలో వేలు పెట్టి చూసి, ఒక కణుపు లోతు ఆరితేనే నీళ్లు. మూడోదాన్ని వేళ్లు పట్టాయేమోనని లాగి చూడకండి, కొత్త ఆకు వచ్చేదాకా ఆగండి.